ధర్మవరం పేజీలో పడిన వార్త

మా తమ్ముడు పెనుకొండ దాటాక రోడ్డు మీద చనిపోయాడు. హిందూపురంలో అంగడివాళ్లకు చీరలు ఇచ్చి, మా ఇంట్లో అన్నం తిని, మోటార్ సైకిల్ మీద ధర్మవరం పోతున్నాడు. లారీ గుద్దింది. గుద్దే ముందే అతని భార్య ఫోన్ చేసింది. ఇంతవరకు అందరికీ తెలుసు.

మరుసటి రోజు ధర్మవరంలో ఇంటి ముందు వేసిన షామియానా కింద పేపర్ చేతులు మారింది. ఫోన్‌లో మాట్లాడుతూ ద్విచక్ర వాహనం నడుపుతుండగా లారీ ఢీకొని చేనేత కార్మికుడు మృతి చెందాడని వార్త. చివర కుటుంబ సభ్యుల రోదనలు మిన్నంటాయని ఉంది. మా ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడవలేదు. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నేను వచ్చినవాళ్లకు చాపలు వేశాను. ఆ వాక్యం రాసిన మనిషి మీద నాకు కోపం రాలేదు. చావు వార్తల్లో అది ఉంటుంది. నేనూ ఎన్నోసార్లు చదివి పేజీ తిప్పినదాన్నే.

మొదటి వాక్యం మాత్రం ఇంట్లో నిలిచిపోయింది. అమ్మకు చదువు రాదు. పక్కింటామె చేత రెండుసార్లు చదివించుకుని, మరదలి వైపు చూడకుండా అడిగింది.

"అంత ఏం కొంప మునిగిందని ఫోన్ చేసినావు?"

"మగ్గానికి కొత్త పడుగు పోగులు అతికే మనిషి వచ్చి కూసున్యాడు అత్తా. ఎంతసేపటికి వస్తావని అడగల్లని చేసినా."

"ఆయప్ప కూసుంటే కూసుంటాడు. నా కొడుకు పాయె కదా."

ఆ తరువాత అమ్మ ఆమెతో మాట్లాడడం మానేసింది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లు అమ్మ దగ్గర కాసేపు కూర్చుని, పోతూ పోతూ మరదలి దగ్గర ఆగేవాళ్లు. "పేపర్లో కూడా ఏసినారంట కదమ్మా" అనేవాళ్లు. మరదలు తల ఊపేది.

నేను హిందూపురం తిరిగి వచ్చే ముందు ఆమె నన్ను పెరట్లోకి పిలిచింది.

"వదినా, బండి నిలిపినా, చెప్పు అన్యాడు. ఆ మాట నా చెవుతో విన్యా. నడుపుతా మాట్లాడలా. అది పేపర్లో ఏపించు వదినా. అత్త నన్ను నమ్మదు. పేపరైతే నమ్ముతాది."

ఆమె అడిగింది అదొక్కటే. మగ్గం ఆ ఇంట్లోనే ఉంది, పిల్లల బడి ఆ వీధిలోనే ఉంది. అమ్మతో కలిసి ఆ ఇంట్లోనే ఆమె ఇంకా చాలా ఏళ్లు బతకాలి.

హిందూపురంలో నా ఇంటి గడపలో ఆ వార్త వచ్చిన రోజు పేపర్ అట్లే పడి ఉంది. జిల్లా పేపర్ లోపలి పేజీ ఒక్కో ఊరికి ఒక్కోలా వేస్తారు. హిందూపురం పేజీలో తమ్ముడి చావు రెండు లైన్లే. అందులో ఫోన్ లేదు. పెనుకొండ పేజీలో ఏముందో చూద్దామని బస్సెక్కాను.

అక్కడి విలేకరికి జిరాక్స్ అంగడి ఉంది. నేను పోయేసరికి ఒక రైతు ఆయనతో గొడవ పడుతున్నాడు.

"ఏమప్పా, మా మోటార్ల కరెంటు సంగతి రాస్తానంటివే?"

"రాసినా కదబ్బా. కరెంటు సరిగా రాలేదని నువ్వు వాపోయినావని."

"నేనెప్పుడు వాపోయినా? ఆ కరెంటాఫీసు ఏఈని తిట్టినా! నువ్వు పక్కనే నిలబడి నవ్వితివి."

"తిట్లు యాడ ఏస్తారప్పా పేపర్లో!"

రైతు పోయాక నేను ఎవరో చెప్పాను. విలేకరి లేచి కుర్చీ ఇచ్చాడు. పాత పేపర్ల కట్టలోంచి పెనుకొండ పేజీ తీశాడు. తమ్ముడు ఫోన్ మాట్లాడుతూ లారీకి అడ్డం వచ్చాడని డ్రైవర్ పోలీసులకు తెలిపినట్లు అందులో ఉంది. నేను రెండుసార్లు చదివాను.

"ధర్మవరం పేజీలో డ్రైవర్ లేడు" అన్నాను.

"నేను పంపినప్పుడు ఉన్యాడక్కా. ఆ పొద్దు ఆ పేజీకి యాడ్ వచ్చిండె. చోటు చాలక కోసినారు."

మరదలు చెప్పింది చెప్పాను. ఆయన రాసుకున్నాడు.

"ఏస్తాలేక్కా. కానీ ఆమె చెప్పిందనే రాస్తా. అంతకంటే నా చేత కాదు."

అది న్యాయమే అనిపించింది. నేనైనా అట్లే రాసేదాన్ని. గుద్దిన మనిషి మాట నిజంలాగా అచ్చయి, ఆమె మాట ఆమె మాటగానే అచ్చవుతుందని ఆయనకూ తెలుసు. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. టీ తెప్పించాడు, తాగాను.

వార్త పడింది. పెనుకొండ పేజీలో మాత్రమే పడింది. ఫోటో తీసి బంధువులకు పంపితే దండం బొమ్మలు పెట్టారు. కాగితమే తీసుకుని ధర్మవరం పోయాను. అమ్మకు చదివి వినిపించాను. మరదలు మగ్గం దగ్గర ఉంది. మగ్గం చప్పుడు ఆగింది.

"ఎవరు చెప్పినారని ఉండాది దాంట్లో?" అంది అమ్మ.

"నీ కోడలు."

"అది నాకూ చెప్పె కదా. దానికి పేపరు దాకా పోవల్లనా?"

నేను మొదటి రోజు పెనుకొండ పేజీ కూడా తెచ్చాను. అది చదివాను. "ఫోన్ మాట్లాడుతూ వచ్చినాడనేది లారీ డ్రైవర్ చెప్పిందమ్మా. చూసి రాసింది కాదు."

"మన ఊరి పేపర్లో ఆ మాట యాల ఎయ్యలేదు?"

"చోటు చాలలేదంట."

అమ్మ కొంగుతో మోకాలు కప్పుకుని కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం ఆ వీధిలోనే ఉండే ఒకామె వచ్చింది. చావు జరిగినప్పుడు ఊరిలో లేనని చెప్పి, ఫోన్ మాట్లాడుతూ బండి నడిపేవాళ్ల గురించి మొదలుపెట్టింది. అమ్మ మధ్యలో ఆపింది.

"నీకెవరే చెప్పింది? ఆ లారీవాడా? నా కొడుకు బండి నిలిపి మాట్లాడతాండె. బండి మింద ఫోన్ మాట్లాడే అలవాటే లేదు వానికి, చిన్నప్పటి నుంచీ."

"చిన్నప్పుడు ఫోన్లు యాడివి అత్తా?" అంది వచ్చినామె.

"లేకుంటే లేవు. నిలిపినాడు, అంతే."

తమ్ముడు హెల్మెట్‌లోకి ఫోన్ దోపుకుని మాట్లాడుతూ మా వీధి మలుపు తిరగడం నేను ఎన్నోసార్లు చూశాను. మరదలు చూడకుండా ఉండదు. ఆమె మగ్గం గుంతలోంచి తల ఎత్తి నా వైపు చూసింది. నేను కాగితాలున్న సంచి దగ్గరికి లాక్కున్నాను.

అమ్మ కోడలిని పేరు పెట్టి పిలిచి, వచ్చినామెకు కాఫీ ఇమ్మంది.