విత్తనాల గంపలో గాజు సింహం

జూన్ మొదటి వారంలో, ఒక వాన కురిసి వెలిసిన మర్నాడు, ఖానాపురం హవేలిలో షేర్ ఆటో ఎక్కి ఖమ్మం బస్టాండుకు వచ్చాను. ఒళ్లో ఖాకీ సంచి, అందులో పాత పట్టుచీర ముక్కలో చుట్టిన గాజు సింహం. దాన్ని అంతదూరం మోసుకుపోవడం ఎందుకని మా ఇంటావిడ అడిగింది. జతను పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప చేసినవాళ్లెవరో తేలదని చెప్పి బయలుదేరాను.

హైదరాబాదులో ఒక మ్యూజియం వారు పాత గాజు వస్తువుల ప్రదర్శన పెడుతున్నారు. ఆ పని చూస్తున్న శ్రీలత గారు మా సింహాన్ని అందులో ఉంచడానికి ఒప్పుకున్నారు. మా తాత బెల్జియం దేశానికి నమూనా పంపి, మా ఇంటి కోసమే ఒక జత సింహాలు చేయించారని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. బొమ్మ పక్కన పెట్టే అట్ట మీద ఆ మాట రాయమన్నాను.

"రుజువు దొరికితే తప్పకుండా రాస్తాం సార్. లేదంటే తయారీదారు తెలియదని రాయాలి," అన్నారామె.

మా ఊళ్లు పోయాయి, మేడ పోయింది, అద్దె ఇంట్లో ఉంటున్నాను. పదిమంది చదివేచోట మా ఇంటిపేరు నిలిచే సందర్భం ఇదొక్కటే మిగిలింది. "తెలియదు" అన్న మాట పక్కన ఆ పేరు ఉండడం నాకు సమ్మతం కాదు.

అచ్చులో ఒత్తిన గాజు బొమ్మ ఎవరి పనో తెలుసుకోవడానికి కొన్ని పద్ధతులున్నాయి. అచ్చు పలకలు కలిసినచోట సన్నని గీత పడుతుంది, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూడాలి. అచ్చులో లోపం ఉంటే అందులోంచి వచ్చిన ప్రతి బొమ్మ మీదా అదే లోపం కనిపిస్తుంది. చివరకు బొమ్మను తిప్పి కింది భాగం చూడాలి. పేరో గుర్తో ఉంటే సాధారణంగా అక్కడే ఉంటుంది. మా సింహానికి ఆ భాగం కనిపించదు. తాత దానికి వెండి పీట చేయించి లక్కతో బిగించారు. వేడి చేసి ఊడదీయమంటే ఖమ్మంలో కంసాలి ఒప్పుకోలేదు. గాజు పగిలితే తన పూచీ కాదన్నాడు.

జతలో రెండవది భద్రాచలం దాటాక అడవి అంచున ఒక కోయ ఊళ్లో ఉంది. ఆ ఊళ్లో ఒకప్పుడు శిస్తు వసూలు చేసే మా కచేరీ ఇల్లు ఉండేది. మా నాన్న అక్కడే పుట్టారు. కాన్పు చేసిన మంత్రసానికి మా నాయనమ్మ ఆ సింహాన్ని ఇచ్చింది. వెండి పీట తర్వాతి సంగతి. అంటే ఆ సింహానికి పీట లేదు. నా ప్రయాణం దాని కింది భాగం చూడడానికే.

ఏడు గంటల భద్రాచలం బస్సు దొరికింది. వైరా దాటేసరికి కూర్చోవడానికి చోటు లేదు. ఉచిత టిక్కెట్టు కోసం ఆధార్ కార్డులు చేతపట్టుకున్న ఆడవాళ్లు సగం బస్సు. ఈ దారిన వెళ్లదలచినవారు ఖమ్మంలోనే సీటు చూసుకోవాలి. జూలూరుపాడులో విత్తనాల సంచులతో కొందరు దిగారు, నా పక్క సీటు ఖాళీ అయింది. అందులో నడివయసు మనిషి కూర్చున్నాడు. పేరు జోసెఫ్ అట, పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో పని, మధ్యాహ్నం షిఫ్టుకు పోతున్నాడు.

"ఏంది సార్, పసిపిల్లనెత్తుకున్నట్టు పట్టుకున్నరు సంచిని? జర పైన పెట్టుర్రి," అన్నాడు.

"గాజు వస్తువు."

"గాజా? ఈ రోడ్డుకు నా నడుం గూడ గాజే సార్. నన్ను గూడ జర గట్లనే పట్టుకోండి."

వెనక సీటులో ఆడవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు గాని, మనిషి మంచివాడని అనిపించి సింహం తల వరకు గుడ్డ తొలగించి చూపించాను. వాళ్లమ్మ దగ్గర గాజు దేవదూత ఉందట, చర్చిలో ఫాదర్ ఇచ్చారట. అచ్చు గీత ఎక్కడ వెతకాలో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"మా దగ్గర ప్రతి వాల్వు మీద చేసినోళ్ల పేరు పోత పోసి ఉంటది సార్. దీని మీద లేదా?"

"పీట కింద ఉండవచ్చు."

"మరి పీట ఎందుకు పెట్టిండ్రు?"

"గౌరవం కోసం."

అతను "అవ్, వెండి కదా," అని కిటికీలోంచి బయటికి చూశాడు. పాల్వంచ పొగగొట్టాలు కనిపించగానే లేచి, దేవదూతను ఇంటికి పోగానే తిప్పి చూస్తానని చెప్పి దిగిపోయాడు.

మధ్యాహ్నానికి గోదావరి వంతెన దాటాం. బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. గది శుభ్రంగా ఉంది, ఫ్యాను చప్పుడు ఎక్కువ. ఎదుటి హోటల్లో భోజనం చేసి, చర్ల వైపు పోయే బస్సులో కొంతదూరం, అక్కడినుంచి ఆటోలో అడవి దారిన వెళ్లాను. తునికాకు కోత అయిపోయింది, దుక్కులు మొదలయ్యాయి. కచేరీ ఇల్లు ఉన్నచోట ఇప్పుడు జొన్న చేను. గోడ మొదలు కూడా మిగల్లేదు.

మంత్రసాని ఇంటిని ఆటో అతనే చూపించాడు. ఇప్పుడు ఆ ఇంటి పెద్ద బుచ్చమ్మ, మంత్రసాని మనవడి భార్య. ఇంచుమించు నా వయసుది. కోడలితో కోయ భాషలో మాట్లాడుతున్నది నన్ను చూసి తెలుగులోకి మారింది.

"ఎవలింటికి?"

నేను ఇంటిపేరుతో సహా పేరు చెప్పాను.

"కచేరీ దొర మనుమనివా నువ్వు! మా ఆయన నాయనమ్మ చేతిల పుట్టిన పిలగాని కొడుకువి. కూసో."

బయటివాళ్లు నన్ను నువ్వు అని చాలా ఏళ్లయింది. నిలబడే ఉన్నాను.

"కూసో, మంచం ఇరగది. బక్కగనే ఉన్నవ్," అంది. కూర్చున్నాను.

వచ్చిన పని చెప్పాను. ఆమె వాసాలకు వేలాడుతున్న గంప వైపు చూపించింది. పైన తెల్ల గుడ్డ కప్పి ఉంది. వచ్చే పంటకు దాచిన విత్తనాలు అందులోనే ఉంటాయి. సింహం కూడా అందులోనే.

"సింహం మాకు తెల్వదు. అది పులి. విత్తనానికి కాపలా."

ఒకసారి తిప్పి కింది భాగం చూపించమన్నాను.

"తలకిందులు చెయ్యం. చేస్తే విత్తనం గూడ తలకిందులే మొలుస్తది."

"పోయినేడు మన పత్తి గట్లనే మొలిచింది గద అత్తా, ఎవలు తిప్పిన్రో," అంది కోడలు. ఇద్దరూ నవ్వుకున్నారు.

అది మా ఇంటి వస్తువని గుర్తుచేశాను. గొంతు కొంచెం పెరిగినట్టుంది.

"ఇచ్చింది మీరే. ఇచ్చినంక సూసుకున్నది మేము," అంది బుచ్చమ్మ. ఆమె గొంతు పెరగలేదు.

ఇక చేసేది లేక నా సంచిలోంచి మా సింహాన్ని తీసి ముందు పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది. వెండి పీట మీద గోటితో కొట్టింది.

"దీనికేంది, చెప్పులు తొడిగిన్రు?"

"అది వెండి పీట. మా తాతగారు చేయించారు."

"అయితే మీ పులి ఒక్కనాడూ మట్టి తొక్కలే."

సింహాన్ని మళ్లీ గుడ్డలో చుట్టాను. నేను లేవబోతుంటే ఆమే అంది: "రేపు పొద్దుగాల మా ఇంట్ల విత్తనాల పండుగ. పులిని చేను మట్టిల కూసోబెడతం. లేపినంక మట్టిల దాని జాడ పడతది. జాడ సాఫ్‌గ పడితేనే చల్లుతం. తిప్పే పనే లేదు, ఒచ్చి సూసుకో. చెప్పులు బయటనే ఇడువాలె."

మర్నాడు తెల్లవారగానే అదే ఆటోలో వచ్చాను. వాకిలి అలికి ఉంది. పెద్ద విస్తరాకులో చేనులోంచి తెచ్చిన మట్టిని నీళ్లతో మెత్తగా కలిపి చదును చేశారు. బుచ్చమ్మ స్నానం చేసి వచ్చి గంప దింపింది. కంది గింజల మధ్యనుంచి రెండు చేతులతో సింహాన్ని తీసింది.

ఆమె అనుమతితో మా సింహాన్ని పక్కన పెట్టి చూశాను. రెండింటికీ అచ్చు గీత చెవుల మధ్యనుంచి వీపు మీదుగా తోక దాకా పోతోంది. రెండింటికీ ఎడమ పంజా మీద, అచ్చులోనే వచ్చిన అదే చిన్న నొక్కు. ఒకే అచ్చు, అనుమానం లేదు.

ఆమె సింహాన్ని మట్టి మీద ఉంచి అరచేతితో తల మీద నొక్కింది. తర్వాత నిటారుగా పైకెత్తింది. మట్టిలో గుండ్రని గీత, దాని మధ్య ఒక బొమ్మ, కింద ఎదురుతిరిగిన అక్షరాలు.

"సాఫ్‌గ పడ్డది," అంది బుచ్చమ్మ తృప్తిగా.

అక్షరాలు తిరగబడి ఉన్నాయని అద్దం అడిగాను. కోడలు బొట్టు పెట్టుకునే గుండ్రటి అద్దం తెచ్చి ఇచ్చింది. మోకాళ్ల మీద వంగి పట్టుకున్నాను. అవి ఉర్దూ అక్షరాలు. నన్ను బడిలో వేయకముందే మా నాన్న నాకు ఆ లిపి నేర్పారు. హైదరాబాద్ దక్కన్ అని ఉంది. మధ్యలోది లాంతరు బొమ్మ.

ఆ లాంతరు గుర్తు నాకు తెలుసు. నా చిన్నప్పుడు మా పశువుల కొట్టంలో వేలాడిన లాంతరు చిమ్నీ మీద అదే గుర్తు, అవే అక్షరాలు. పాలేర్ల ఇళ్లలోని చిమ్నీల మీదా అదే. దీపాలకు చిమ్నీలు చేసే కార్ఖానాలో ఈ సింహాలను కూడా ఒత్తారు. మా కోసం ఎవరూ బెల్జియంలో ఏమీ చేయలేదు. ఈ సంగతి తాతకు తెలియకుండా ఉండదు. పీటకు కొలత ఇచ్చిన మనిషి కింద ఏముందో చూసే ఉంటాడు.

"ఏమని ఉంది?" అని అడిగింది బుచ్చమ్మ.

"హైదరాబాద్ అని."

"గంతేనా, దగ్గరిదే. మంచిగైంది. దూరపుదైతే మన వానలు దానికేం ఎరుక?"

ఫోటో తీసుకోవచ్చా అని అడిగాను. "మట్టిని తీసుకో. పులిని వద్దు. మా ఊరి పేరు గూడ ఎక్కడ రాయకు, మంది ఒస్తరు," అంది. మాట ఇచ్చాను. అందుకే ఇక్కడ ఆ ఊరి పేరు రాయలేదు.

ఫోటో తీశాక ఆమె నా సింహం వైపు చూసి, "దాన్ని గూడ కూసోబెట్టు ఒక్కసారి," అంది. జాడ పక్కన మిగిలిన మట్టి మీద ఉంచి, ఆమె చేసినట్టే తల మీద నొక్కి, ఎత్తాను. నున్నటి చదరపు పల్లం పడింది. అందులో ఏమీ లేదు.

"జాడ పడలే," అంది కోడలు నెమ్మదిగా.

"పడకుంటే ఏమాయె? దీంట్ల గూడ మొలుస్తది," అని బుచ్చమ్మ రెండు పల్లాల్లోనూ గింజలు పోసి, మట్టినంతా చేత్తో కలిపేసింది. గుర్తు పోయింది. ఇంక అది కనిపించేది నా ఫోనులో, ఆ గంపలో మాత్రమే.

వాళ్లు పెట్టిన జొన్న సంకటి తిని, పీటకంటిన మట్టి తుడవకుండానే సింహాన్ని గుడ్డలో చుట్టాను. పదకొండు గంటలకు భద్రాచలంలో ఖమ్మం బస్సు దొరికింది. ఈసారి కిటికీ సీటు. పాల్వంచ వచ్చేదాకా సంచి మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. నేను చెబితే తప్ప ఆ గుర్తు సంగతి హైదరాబాదులో ఎవరికీ తెలియదు. రుజువు దొరకలేదని ఒక్క మాట చెబితే, ఇంట్లో మనుమలకు బెల్జియం కథ చెప్పుకుంటూ ఉండవచ్చు. జూలూరుపాడు దాటాక శ్రీలత గారికి ఫోన్ చేశాను.

"దొరికిందా సార్? బెల్జియమేనా?"

"కాదు. రాసుకోండి. సింహం, అచ్చులో ఒత్తిన గాజు. తయారీ హైదరాబాదులో, లాంతరు చిమ్నీలు చేసే కార్ఖానా. గుర్తు ఫోటో పంపుతున్నాను."

"మీ ఇంటిపేరు వేయమంటారా మరి?" అని ఆమె మెల్లగా అడిగారు.

"వేయండి, పూర్తిగా వేయండి. కింది గుర్తు కనిపించకుండా వెండి పీట చేయించినది మా తాతగారని కూడా వేయండి."

"అలాగే సార్. జతలో రెండవది ఎక్కడుందని రాయమంటారు?"

బయట దుక్కి చేసిన చేలలో ఆడవాళ్లు వరుసగా వంగి విత్తనాలు పెడుతున్నారు. ఊరి పేరు చెప్పనని మాట ఇచ్చి ఉన్నాను.

"ఎక్కడుందో రాయవద్దు. ఇంకా పనిలో ఉందని రాయండి," అన్నాను.