మామ విన్న ఆఖరి బండి

నెల్లితోపులో బండ్లున్న వారికీ, బండ్లు లేక వాటి పొగలో తుమ్ముకుంటూ నడిచే తక్కిన జనానికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: ఇకమీదట మా వీధిలో ఎవరి కారు ఎట్లా దగ్గినా అడిగేవాడు లేడు. హారన్ గొంతు పోయినవాళ్లు మూగగానే తిరగవచ్చు. సైలెన్సర్‌కు తాడు కట్టుకుని ఊరేగవచ్చు. వైపర్ ఒకటే ఉన్నవాళ్లు రెండోది కూడా ఉన్నట్టు నటించవచ్చు. మా మెకానిక్ మామ పోయిన మంగళవారం పొద్దున చనిపోయాడు.

టీ కొట్టు దగ్గర ఈ సంగతి మొదట చెప్పింది నేనే. ఎవరూ నమ్మలేదు. "మళ్లీనా? పోయిన ఏడు కూడా సంపినావు కదప్పా," అన్నాడు టీ మాస్టరు, గ్లాసు కడుగుతూనే. తప్పు ఆయనది కాదు. మామ షెడ్డు మూసి తిరుపతికి పోయినప్పుడు షట్టరుకు పూలదండ వేసి పదిమందిని ఏడిపించినవాణ్ని నేను. తిరిగొచ్చిన మామ ఆ దండను నా కారు అద్దానికి కట్టి, పూలు వాడి రాలేదాకా తీయడానికి వీల్లేదన్నాడు. ఈసారి టీ మాస్టరు తలెత్తి నా మొహం చూశాడు. గ్లాసు కింద పెట్టాడు. పొయ్యి ఆర్పాడు.

మామ నాకు చుట్టం కాదు. మా ఇంట్లోలాగే వాళ్లింట్లోనూ తెలుగు మాట్లాడతారు, అంతే. తాతల నాటి నుంచి ఈ అరవ ఊళ్లోనే ఉన్న మాబోటివాళ్లకు వరస కలుపుకోవడానికి ఆ మాత్రం చాలు. ఆయన ఇంటి పక్కనే రేకుల షెడ్డు. అందులో పనిముట్లు కొద్దిగానే ఉండేవి, ఎందుకంటే ఆయన అసలు పనిముట్టు చెవి. బండి మలుపు తిరగకముందే దాని జబ్బు చెప్పేవాడు.

చాలా ఏళ్ల కిందట ఒకసారి, బ్యాంకులో పనిచేసే సారు ఒకాయన కారు చక్రం మూతలో నేను గులకరాయి వేశాను. పాపం ఆయన రెండు రోజులు ఆ గలగలకు భయపడి, మూడో రోజు షెడ్డుకు తెచ్చాడు. మామ కూర్చున్న చోటినుంచి లేవలేదు. "సారూ, వెనక ఎడం చక్రం మూత తీయండి. రాయుంటాది. దాన్ని వేసినోడు మీ వెనకాలే నిలబడి పళ్లికిలిస్తా ఉండాడు," అన్నాడు. అదీ మామ చెవి.

రెండేళ్ల కిందట, దీపావళి వానలు తగ్గాక, అదే వేళాకోళం మళ్లీ ఆడాలనిపించింది. నా కారు చక్రంలోనే రాయి వేసుకుని షెడ్డు ముందు రెండు చుట్లు తిరిగాను. మామ తలెత్తి చూసి, "బండి బాగుండాదిరా," అన్నాడు. నన్నే ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. దిగి ఆయన వెనక నిలబడి, "మామా, షెడ్డు తగలబడతా ఉండాది," అన్నాను. ఆయన స్పానరు తుడుచుకుంటూనే ఉన్నాడు. చెవి వెనక చిటిక వేశాను. అయినా తల తిప్పలేదు.

ముందుకొచ్చి నిలబడ్డాను. నా మొహం చూడగానే ఆయనకు అర్థమైపోయింది.

"ఎన్నాళ్లుగా మామా?"

ఆయన నా పెదాలు చూశాడు. "సన్న చప్పుళ్లు పోయి ఏడాదాయె. లారీలు వినబడతాయి. మీ అత్త వినబడతాది." స్పానరు పక్కన పెట్టి, "యాడా చెప్పబాకు. చెవుడొచ్చిన మెకానిక్ దగ్గరికి ఎవడొస్తాడురా. ఈ షెడ్డు లేకుంటే నేను ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాల," అన్నాడు.

నా కడుపులో మాట సాయంత్రం దాకా కూడా ఆగదని వీధంతా ఎరుగును. అట్లాంటివాడి చేతిలో పెట్టాడు ఆయన తన బతుకును. వేరే దారి లేక పెట్టాడనుకోండి.

ఇంటికి పోయి ఆలోచించాను. బీచి రోడ్డులో కొందరు కుర్రాళ్ల కార్లు పులుల్లా గర్జించడం విన్నాను. అది సైలెన్సర్ పని కాదు, గాలి పని. బండి గాలి పీల్చుకునే చోట కంపెనీవాళ్లు పెద్ద డబ్బా ఒకటి పెట్టి నోరు నొక్కి ఉంచుతారు. ఆ డబ్బా తీసేసి, బయట అమ్మే మొనతేలిన ఫిల్టర్ గొట్టంతో సహా తగిలిస్తే, ఇంజన్ బహిరంగంగా ఊపిరి పీలుస్తుంది. లోతైన గొంతు. లారీ వినబడే చెవికి అదీ వినబడాలి గదా. చెన్నైకి పోయి, నచ్చనివి తిరిగిచ్చే ఒప్పందం మీద మూడు రకాలు తెచ్చాను. నలభై ఏళ్లు దాటాక వీడికి రేసు పిచ్చి పట్టిందని వీధి నవ్వింది. నవ్వనిచ్చాను.

మామకు అసలు కారణం చెప్పలేదు. ఆయన మూడింటినీ బల్ల మీద పరిచి పెళ్లిచూపుల్లో పెద్దమనిషిలా కూర్చున్నాడు. మొదటిది పొడుగు గొట్టం. ఫిల్టర్ కిందికి, బంపరు వెనక్కి దిగుతుంది. అక్కడ గాలి చల్లగా ఉంటుందని అంగడివాడు తెగ పొగిడాడు.

"మన వీధిలో వానకు నీళ్లు యాడిదాకా వస్తాయి?" అన్నాడు మామ.

మోకాలు చూపించాను.

"ఇది యాడుంటాది?"

మోకాలి కింద చూపించాను.

"అప్పుడిది గాలి పీలుస్తాదా, నీళ్లు తాగుతాదా? ఒక్క గుక్క తాగిందంటే ఇంజన్ లోపల కడ్డీ వంగిపోతాది. అవతల పెట్టు."

రెండోది స్పాంజిది. గోటితో గీరితే పొడి రాలింది. ఇంజన్ వేడికీ మన ఉప్పుగాలికీ ఇది ఆరు నెలల్లో అటుకులైపోతుందన్నాడు. మూడోది పొట్టి గొట్టం, నూనె పట్టించిన ఎర్రటి నూలుగుడ్డ ఫిల్టర్. దాన్ని దీపానికి అడ్డం పెట్టి చుట్టూ తిప్పి, ఎక్కడా చిల్లి లేదని చూసుకున్నాడు. "ఊరికే గాలి ఎక్కువైతే బలం రాదురా. ముందు శుభ్రం. ఆమీద చల్లదనం. ఎక్కువ అనేది మూడోది," అన్నాడు. ఆ మాట నాకు ఇంజన్ల సంగతిలోనే కాదు, చాలా చోట్ల పనికొచ్చింది.

పొట్టి గొట్టానికి ఒక చిక్కుంది. ఫిల్టర్ ఇంజన్ పక్కనే కూర్చుని వేడిగాలి పీలుస్తుంది. మామ వేరుశెనగ నూనె డబ్బా ఒకటి కత్తిరించి, అంచులు మడిచి, సైకిల్ ట్యూబు చీల్చి అంచుకు తొడిగి, రెంటికీ మధ్య అడ్డుగోడ కట్టాడు. ముందువైపునుంచి మాత్రం గాలికి దారి వదిలాడు. గొట్టాన్ని పట్టుకునే ఇనప పట్టీ, అదే క్లాంపు, బిగించేటప్పుడు నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కున్నాడు. "పట్టుకునేదాకా బిగించాల, గొంతు పిసికేదాకా కాదు." గాలి పెరిగితే పెట్రోలు పాళ్లు మార్చాలి. వెనకటి రోజుల్లో అది చెవితోనే చేసేవాడు. ఇప్పుడు కాసేపు బండి నడిపించి, ఇంజన్లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ విప్పి, దాని కొన రంగు చూశాడు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలలేదని, నల్లగా ఉంటే ఎక్కువైందని. నాలుగుసార్లు విప్పి, నాలుగుసార్లు బిగించి, కాఫీపొడి రంగు తెచ్చాడు.

"ఇప్పుడెక్కి యాక్సిలరేటర్ తొక్కరా."

తొక్కాను. బానెట్ మీదికి వంగి ఉన్న మామ తల మెల్లగా పైకి లేచింది. రెండు చేతులూ అట్లాగే గాలిలో ఉండిపోయాయి. వేలు ఆడించాడు, ఇంకోసారి అని. మళ్లీ తొక్కాను. మళ్లీ. గరిటెతో సహా అత్త బయటికొచ్చింది. "ఏందిది, ఇంట్లో తాళింపు కూడా వినబడలే. పులిని కట్టేసినారా?"

"పులి కాదే. అల్లుడి బండి," అన్నాడు మామ. అత్త లోపలికి పోయాక నా పక్కకొచ్చాడు. "రేయ్. ఇది నీ బండికి పెట్టించుకున్నావా, నా చెవికా?"

"బండికే మామా. నీ చెవికి ఈ సైజు దొరకలే."

ఆయన నవ్వాడు. తర్వాత మొహం తుడుచుకోవడానికి గ్రీజు గుడ్డ తీసుకున్నాడు. మొహమంతా నల్లగా అయింది. ఆ మొహాన్ని వేళాకోళం చేయకుండా బానెట్ దించాను. నాలాంటివాడికి అది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్లకు తెలుస్తుంది.

తర్వాత రెండేళ్లు నాకు షెడ్డులో ఒక స్టూలు ఉండేది. బండ్లు వచ్చినప్పుడు మామకు ఎదురుగా కూర్చుని, పెదాలు బాగా ఆడిస్తూ, వచ్చినవాళ్లను ఎగతాళి చేయడం నా ఉద్యోగం. "ఏం సారూ, ముందు కుడి చక్రంలో మీ ఆవిడ గిన్నెలు తోముతాందా?" మామ "నోరు ముయ్‌రా" అని తిట్టి, తిన్నగా ముందు కుడి చక్రం దగ్గరికి పోయేవాడు. ఒకసారి నేను కుడి ఎడమలు తారుమారు చేశాను. బ్యాంకు సారు అనుమానంగా చూస్తున్నాడు. మామ తొణకలేదు. బాగున్న చక్రాన్నే విప్పి, గ్రీజు పెట్టి, "దీన్ని చూడకుండా దాన్ని ముట్టకూడదు సార్," అని రెండోదానికి పోయాడు. ఆ సాయంత్రం నా స్టూలు ఎత్తి మూలన పడేశాడు. మరునాడు నేను రాగానే స్టూలు తుడిచి వేశాడు.

అత్తకు తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. పెళ్లయిన నాటినుంచీ ఆయన తన మాట వినడనే ఆమె చెబుతుంది.

రెండు మూడు నెలలకోసారి మామ నా ఫిల్టర్ విప్పి, సబ్బునీళ్లలో కడిగి, షెడ్డు మేకుకు నీడన ఆరేసేవాడు. ఆరాక నూనె పట్టించి తనే బిగించేవాడు. నన్ను ముట్టనిచ్చేవాడు కాదు.

ఈ ఏడు ఆయనకే ఊపిరి చాలకుండా పోయింది. ఆస్పత్రినుంచి ఇంటికి తెచ్చి, వీధి కిటికీ పక్కన మంచం వేశారు. సోమవారం సాయంత్రం కిటికీ దగ్గర కారు ఆపి తొక్కాను. లోపలికి పోతే మామ కళ్లు తెరిచి, "క్లాంపు లూజైందిరా. గాలి పక్కనుంచి పోతాంది. బిగించుకో," అన్నాడు. ఆయన ఆఖరి మాట అదేనని ఇప్పుడు వీధంతా చెప్పుకుంటోంది. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ అత్త అదే చెబుతోంది. "పోయే ముందు దినం కూడా చప్పుడు ఇని రోగం చెప్పినాడు." బ్యాంకు సారు కళ్లు తుడుచుకుని, అట్లాంటి చెవి మళ్లీ పుట్టదన్నాడు.

మా వీధివాళ్లకు తెలుగు మాటే గానీ అక్షరం రాదు. చదివేదంతా అరవమే. నాకీ అక్షరాలు లారీ మీద నెల్లూరు, బెజవాడ తిరిగినప్పుడు అంగళ్ల బోర్డులు చూసి పట్టుబడ్డవి. అందుకే వాళ్లకు తెలియకుండా ఇక్కడ నిజం రాయగలుగుతున్నాను. మామ ఆ మాట అనలేదు. అది పూర్తిగా నేను అల్లింది. ఆ సాయంత్రం కిటికీ తలుపులు అదిరేదాకా తొక్కాను. ఆయన గోడవైపు చూస్తూ ఉండిపోయాడు. చెయ్యి పట్టుకుంటే అటే చూస్తూ వేళ్లు కొంచెం బిగించాడు. వంటింట్లోంచి వచ్చిన అత్త "ఏమన్నా అన్నాడా?" అని అడిగింది. ఆమె మొహం చూసి, నోటికొచ్చింది చెప్పాను.

మూడో రోజు అత్త అడిగింది. "క్లాంపు బిగించినావా?" లేదన్నాను. "ఇప్పుడే బిగించు, నేను చూడాల," అంది. బానెట్ ఎత్తి స్క్రూడ్రైవర్ పెట్టాను. క్లాంపు సరిగ్గా ఉంది. మామ చేత్తో బిగించిన బిగువు, పట్టుకునేదాకా, గొంతు పిసకకుండా. ఇంకో చుట్టు తిరిగే చోటు అందులో లేదు. అత్త పక్కనే నిలబడి ఉంది. నా వీపు అడ్డం పెట్టి దాన్ని ఒక చుట్టు వదులు చేశాను. తర్వాత ఆమె చూస్తుండగా బిగించాను.

"తొక్కు," అంది. తొక్కాను. బానెట్ మీద అరచెయ్యి ఆనించి, తల కొంచెం పక్కకు వంచి, మామలాగే విన్నది. "ఆఁ. ఇప్పుడు సరిగ్గుండాది," అంది. చెయ్యి మాత్రం తీయలేదు.