మాడిన గిన్నెకి తొమ్మిది

ఆ రోజుల్లో మా రాయ్‌పూర్ రైల్వే కాలనీలో చదువంటే రెండే రకాలు: ఉద్యోగం వచ్చేది, రానిది. నేను చేరిన ఫుడ్ టెక్నాలజీ ఏ రకమో ఎవరికీ అంతుపట్టలేదు. పక్కింటి గార్డుగారి భార్య, నేను అత్తా అని పిలిచే ఆవిడ, మాత్రం తేల్చేసింది. "ఏటి నాయినా, ఇన్నేళ్ళు సదివి ఆకరికి వంటోడివౌతావేటి?" అంది. (నాకూ లోపల ఆ అనుమానం ఉండేది. బయటపడలేదు.)

చివరి ఏడాది ప్రాజెక్టుకి పులిహోర పేస్టు చేశాను. వేడన్నంలో కలిపితే చాలు. అది పాసైతేనే డిగ్రీ. రుచి చూసి మార్కులు వేయడానికి పులిహోర ఎరిగిన నోళ్ళు కావాలి. పక్క ఊళ్ళు ఆరంగ్ నుంచీ తిల్దా నుంచీ వచ్చే, తెలుగు రాని నా క్లాసువాళ్ళకి అది "ఖట్టా చావల్", పుల్లన్నం, అంతే. అందుకని మా కాలనీ తెలుగు అత్తలనే కూర్చోబెట్టాను. మూడు గిన్నెలు: ఒకటి బజారు పేస్టుతో, ఒకటి నాదానితో, మూడోది కావాలనే పోపు మాడ్చి కలిపింది. నాలుకలు మంచీ చెడ్డా పట్టగలవో లేదో తెలుసుకోవడానికి అలాంటిదొకటి పెట్టమన్నారు మా సారు. ఏది ఎవరిదో నేను చెప్పకూడదు, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, తొమ్మిదికి ఎన్నో వేయాలి. మా అత్తలు అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం కాలనీ ఎన్నడూ చూడలేదు.

మర్నాడు సారు ఆ మార్కులు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మాడిన గిన్నెకి అందరూ తొమ్మిదే! నాదానికి నాలుగూ అయిదూ. "తుమ్హారే మొహల్లే మే కిసీకీ జీభ్ నహీ హై క్యా?" అన్నారు, మీ పేటలో ఎవరికీ నాలుకే లేదా అని. ఇలా అయితే ప్రాజెక్టు ఒప్పుకోనన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రం అత్త గుమ్మంలో నిలబడి, "మాడిందని తెలీలేదా అత్తా?" అని నిలదీశాను.

"తెలకేం? నోట్లో ఎట్టగానే తెలిసింది. మిగిల్నవి రెండూ బాగున్నాయి, అయి బజారువనుకుని తక్కువేసినాను. మాడింది నువ్వే సేసుంటావు మరి! పిల్లడు ఫెయిలైపోతే మీ అమ్మ ఏటైపోద్దని తొమ్మిదేసేసినాను."

మిగతా అత్తలదీ అదే జవాబు. ఒక్క మాట అనుకోకుండానే అందరిదీ ఒకే ఆలోచన! నా చేతివంట మీద వాళ్ళకున్న నమ్మకానికి కోపం రావాలి. రాలేదు.

సారుకి చెబితే కడుపు పట్టుకుని నవ్వి, "ఫిర్ సే కరో, జహా తుమ్హే కోయీ న జానే" అన్నారు, నిన్నెవరూ ఎరగని చోట మళ్ళీ చెయ్యమని. ఊళ్ళోనే అవతల ఉన్న తెలీబంధా పేట వైపు, నా మొహం ఎరగని తెలుగువాళ్ళ ఇళ్ళకి గిన్నెలు మోసుకెళ్ళాను. మాడినదానికి ఒకటీ రెండూ పడ్డాయి. నాది ఏడుతో గట్టెక్కింది.

తర్వాత ఒక ఊరగాయల కంపెనీలో రుచి చూడటమే నా ఉద్యోగమైంది. చేసినవాడు ఎదురుగా బిక్కమొహం వేసినా సరే, ఏ జాడీకీ ఎనిమిది దాటనివ్వలేదు. మొన్న మా అమ్మాయి మొదటిసారి ఉప్మా చేసి, గరిటె పట్టుకుని నా ఎదుట నిలబడింది. అడుగంటిందని వాసనకే తెలిసింది.

"ఎన్ని మార్కులు నాన్నా?"

అత్త గుర్తొచ్చి నవ్వొచ్చింది, కళ్ళు కూడా కొంచెం తడిశాయి. తొమ్మిదన్నాను. ఇంకో గరిటె వెయ్యమన్నాను.