జెద్దాలో ఒక కెమెరా బ్యాగు, కోసేసిన నడుము బెల్టు

మా చెల్లెలు షాహీన్ రెండు నెలలుగా మెసేజులు రాయడం మానేసి వాయిస్ పంపుతోంది. బద్ధకం అనుకున్నాను. సౌదీలో నేనుండేది అల్ ఖోబర్ అజీజియాలో, తను జెద్దాలో. ఒకరు తూర్పు సముద్రం దగ్గర, ఒకరు పడమటి సముద్రం దగ్గర. ఏ సంగతైనా ఫోన్‌లోనే. ఒక ఆదివారం తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక ఫోన్ చేసి అడిగాను, ఎందుకు రాయడం లేదని. "కుడిచెయ్యి వేళ్లు మొద్దుబారినాయిక్కా. అక్షరం నొక్కితే నొక్కినట్టే తెలియడం ల్యా" అంది, పాలు విరిగాయి అన్నంత మామూలుగా. ఆ వెంటనే ఇంకో మాట. కెమెరా అమ్మేస్తోందట. శుక్రవారం సాయంత్రం కొనేవాళ్లు ఇంటికొస్తారట.

షాహీన్ పదేళ్లుగా ఇక్కడి పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు ఫోటోలు తీస్తోంది. ఆ హాళ్లలోకి మగ ఫోటోగ్రాఫర్ రాకూడదు కాబట్టి పనికి కొదవ లేదు. ఏడాదిగా మాత్రం పొద్దున పూట పాత జెద్దా సందుల్లో నడుస్తూ తలుపులు, చెక్క కిటికీలు తీస్తోంది. దానికి డబ్బులు రావు. ప్రాణం మాత్రం దాని మీదే. ఫిజియోథెరపీ చేసే ఆమె భుజం నొక్కి చూసి, మోసే పద్ధతన్నా మార్చు, మోయడమన్నా మానెయ్ అని చెప్పిందట. మా చెల్లెలు రెండోది ఎంచుకుంది. మొదటిది ఎందుకు ఎంచుకోలేదో కనుక్కుందామని నేను టికెట్ తీసుకున్నాను.

గురువారం పొద్దున ఆరున్నరకు మా పక్కనే ఉన్న దమ్మామ్‌లో విమానం ఎక్కితే తొమ్మిదికి ముందే జెద్దాలో దిగాను. నాలుగు రోజుల ముందు తీసుకున్నా టికెట్ రెండు వందల అరవై రియాళ్లకే దొరికింది. విమానాశ్రయం నుంచి బవాదీలో వాళ్లింటికి యాప్ టాక్సీకి నలభై ఐదు. డ్రైవర్ పాకిస్తానీ పెద్దమనిషి. నా చేతిసంచి తప్ప ఏమీ కనబడక, "సామాను లేదా, బాజీ?" అని ఉర్దూలో అడిగాడు. "సామాను చూడడానికే వచ్చాను" అన్నాను. అద్దంలో ఒకసారి చూసి, బండి కదిలించాడు.

షాహీన్ టీ గ్లాసు ఎడమచేత్తో అందించింది. ఆమెది కుడిచేతి వాటం. భుజం చూపించమన్నాను. మెడకూ భుజానికీ మధ్య, రెండు వేళ్ల వెడల్పున గాడి పడి ఉంది. నలభై మూడేళ్ల మనిషి భుజం మీద, కాడి మోసిన ఎద్దుకు ఉన్నట్టు. గల్ఫ్‌లో ఏ ఇంట్లోనైనా ఊరికి పోయేటప్పుడు పెట్టెలు తూచే కొక్కెం త్రాసు ఒకటి ఉంటుంది. సొరుగులోంచి అది తీసి, ఆమె కెమెరా బ్యాగును తగిలించి ఎత్తాను. పదకొండు కిలోల నాలుగు వందల గ్రాములు. మళ్లీ తూచాను. అంతే.

"కెమెరా అంటే కిలో ఉంటుందేమో అనుకున్నాను" అన్నాను.

"కెమెరాలు రెండుక్కా. లెన్సులు మూడు. ఫ్లాషు, బ్యాటరీలు, ట్రైపాడు, నీళ్లు. నేనేం రాళ్లు మోస్తాండానా?"

మా నాయన ప్రొద్దుటూరులో పరుపులు కుట్టేవాడు. దూదేకే విల్లు భుజాన వేసుకుని పల్లెలు తిరిగేవాడు. ఆ విల్లు కూడా ఇంత బరువు లేదు.

పదిన్నరకు ఫలస్తీన్ వీధిలో కెమెరా సామాన్ల కొట్టుకు వెళ్లాం. మీరూ వెళ్తే పొద్దున పూటే వెళ్లండి. మధ్యాహ్నం చిన్న కొట్లు చాలావరకు మూసేసి, సాయంత్రం అసర్ నమాజు తర్వాత గానీ తెరవరు. కొట్లో ఉన్నాయన మాతో కాసేపు ఉర్దూలో మాట్లాడి, మేమిద్దరం తెలుగులో అనుకోవడం విని, "తెలుగోళ్లా? ముందే చెప్పొద్దా అమ్మా, గప్పటిసంది ఉర్దూల గొంతు నొప్పి తెచ్చుకుంటున్న" అన్నాడు. పేరు అన్వర్. నిజామాబాద్ వైపు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే.

షాహీన్ ఒక నల్ల బ్యాగు భుజాన వేసుకుని, ఇది మెత్తగా ఉంది అంది. అన్వర్ తల అడ్డంగా ఊపాడు. "ఖాలీ బ్యాగు అందరికి మెత్తగనే ఉంటదమ్మా. పెళ్లిచూపులల్ల అందరు మంచోళ్లే. మీ సామాను ఇండ్ల వెయ్యి. వేసి నడువు. గప్పుడు మాట్లాడదం." ఒక్క భుజానికి వేలాడే సంచులు గంట పనికి చాలుతాయనీ, రోజంతా నడిచేవాళ్లకు రెండు భుజాల బ్యాగే కావాలనీ చెప్పాడు. బరువు లెన్సు వీపుకు ఆనుకుని ఉండాలి. ట్రైపాడు పక్కన కాదు, నడిమధ్యన కట్టాలి. వీపు వైపు తెరుచుకునేదైతే జనంలో వెనక ఎవరూ చెయ్యి పెట్టలేరు. నాకు తెలిసిన విద్య ఒక్కటే, నేనూ అది చేశాను. పట్టీని బొటనవేలితో నొక్కి చూశాను. వేలికి అడుగు తగిలితే అది నెలకే పలచబడుతుంది. నాయన పరుపును అట్లాగే చూసేవాడు. అన్వర్ చూపించిన మూడు బ్యాగుల్లో రెండు అక్కడే పోయాయి.

మేం తెచ్చిన పాత బ్యాగు తిప్పి చూస్తున్న అన్వర్ ఆగాడు. "దీని నడుము బెల్టు ఏడవోయింది? ఎవరు కోసిండ్రు?"

"తెగిపోయిందన్నా" అంది షాహీన్, చాలా తొందరగా.

"బెల్టు లేకుంట ఇంత బరువా? అమ్మా, నీళ్ల బిందె ఏడ వెట్టుకుంటరు మీరు? భుజం మీదనా, నడుము మీదనా? బెల్టు లేకుంటే ఇది బిందెను మెడల వేసుకున్నట్టు."

నేను ఆ బ్యాగును చేతిలోకి తీసుకున్నాను. రెండు పక్కలా బెల్టు ఉండవలసిన చోట, కోసిన అంచులను లోపలికి మడిచి, దగ్గర దగ్గరగా కుట్టి ఉంది. లావు దారం. ముడి కనబడకుండా లోపల దాచి ఉంది. పరుపు అంచుకు వేసే కుట్టు. తెగిపోయినదాన్ని ఎవరూ అంత ఓపికగా కుట్టరు. బ్యాగును అన్వర్‌కు తిరిగి ఇచ్చేశాను.

వీపు పొడవుకు సరిపోయి, వెడల్పాటి మెత్త బెల్టు ఉన్న బ్యాగొకటి తీసుకున్నాం. నాలుగు వందల ఎనభై రియాళ్లు. సామానంతా అందులోకి సర్ది ఇచ్చి, "నచ్చకుంటే పొద్దుగూకి మగ్రిబ్ అయ్యే లోపల వాపస్ తెండి, పైసలు ఇచ్చేస్త" అన్నాడు అన్వర్.

దగ్గర్లో మసీదులో ఆడవాళ్లకు వేరే గది ఉంది. మధ్యాహ్నం జుహర్ నమాజు చదువుకుని, తస్బీహ్ పూసలు తిప్పుకుంటూ కూర్చున్నాను. మిగతావాళ్లు వెళ్లిపోయారు. పక్కన షాహీన్.

"ఆ కుట్టు నీదే కదా" అన్నాను.

"నాయన కుట్టు. నేను వేసినా" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వే కదక్కా చెప్పినావు" అంది.

"ఏం చెప్పాను?"

"ఆరేళ్లయింది. ఖోబర్‌లో సముద్రం ఒడ్డున. కొత్త బ్యాగు వేసుకొని, బెల్టు బిగించుకొని నీ ముందర నిలబడినా. నడుము ఇట్ల బిగించి చూపేదుంటే, పైన ఇంత వదులు అబాయా దేనికే, అన్నావు. ఇంటికి పోయి పొద్దున్నే కోసినా."

తస్బీహ్‌లో ఎన్ని పూసలు తిప్పానో లెక్క పోయింది. ఆ మాట నాకు గుర్తు లేదు. ఎంత వెతికినా గుర్తుకు రాలేదు. సముద్రం ఒడ్డు గుర్తుంది, వేరుశనక్కాయలు గుర్తున్నాయి. మాట లేదు.

"నాకు గుర్తు లేదే" అన్నాను.

"నీకు ల్యాకపోతే ఏమి. నా భుజానికి గుర్తుండాది."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. "నాకెందుకు చెప్పలేదు, నొప్పిగా ఉందని?" అంటే నవ్వింది. "ఏమని చెప్పేది? మనింట్లో అక్క మాటకు ఎదురు చెప్పినోళ్లు ఎవరన్నా ఉండారా? రోజుకు పది మాటలు మాట్లాడతావు. పదీ దాచిపెట్టుకుంటాం. దాంట్లో ఒకటి నా భుజం తీసింది."

తక్కువ మాట్లాడితే తక్కువ తప్పులు చేస్తామని యాభై నాలుగేళ్లు నమ్ముతూ వచ్చాను. తక్కువ మాట్లాడేవాళ్ల మాట ఎక్కువ బరువని, అది పదకొండు కిలోల కంటే ఎక్కువని నాకు ఎవరూ చెప్పలేదు. మళ్లీ లేచి రెండు రకాతుల నమాజు చదువుకున్నాను. దువాలో అడిగింది ఆమె వేళ్ల కోసం. నా కోసం అడగడానికి సిగ్గేసింది.

పక్క సందులో ఇద్దరం ఒక ప్లేటు కబ్సా, మాంసం వేసి వండే ఇక్కడి అన్నం, తిన్నాం, ఇరవై రెండు రియాళ్లు. ఇద్దరికి ఎక్కువే. అసర్ తర్వాత టాక్సీలో పాత జెద్దాకు, అంటే బలద్‌కు వెళ్లాం. కారు లోపలికి రాదు, గేటు దగ్గర దిగి నడవాలి. దిగగానే బ్యాగు నాకిమ్మన్నాను.

"నీకెందుకుక్కా, పడతావు."

"ఇవ్వు."

ముందు బెల్టు పెట్టుకోకుండా నడిచాను. సందులు సన్నగా, రాళ్లు పరిచి, కొంచెం ఏటవాలుగా ఉంటాయి. రెండు వందల అడుగులకే మెడ పట్టేసింది. మూడో మలుపు దగ్గర, పెద్ద నీలం తలుపు ముందు, వేళ్ల చివర చీమలు పాకినట్టయింది. ఆమె మోసింది ఆరేళ్లు. నేను రెండు వందల అడుగులు. ఆ తలుపు గడప పక్కనే ఆగిపోయాను. షాహీన్ బెల్టు పట్టుకుని, నన్ను అడగకుండానే నా నడుముకు బిగించింది. భుజాల మీదున్నది లేచి తుంటికి దిగింది. బరువు తగ్గలేదు, చోటు మారింది. చంకన బిందె పెట్టుకున్నట్టే.

కానీ అబాయా నడుము దగ్గర కుచ్చుపడింది. నా మాటకు కారణమైన కుచ్చు అదే. షాహీన్ దాన్ని చూసి, నా మొహం చూసింది. నా చేతిసంచిలో ఎప్పుడూ నమాజు దుపట్టా ఉంటుంది, తల మీద నుంచి మోకాళ్ల దాకా వచ్చేది. బ్యాగు దించి దాన్ని షాహీన్‌కు తొడిగాను. బ్యాగు ఆమె వీపుకెత్తి, దుపట్టా ముందు కొంగు ఎత్తి, లోపల బెల్టు బకిలు వేసి, కొంగు వదిలేశాను. వెనక బ్యాగు, ముందు కొంగు. బెల్టు ఎవరికీ కనబడలేదు. రెండు నిమిషాల పని. అదీ ఆరేళ్ల కిందట తోచాల్సింది.

"ఇది నీది కదక్కా, నమాజుకు?"

"ఇంటి దగ్గర ఇంకొకటుంది."

ఆమె వంద అడుగులు నడిచి, తిరిగి వచ్చి, మళ్లీ నడిచింది. అమ్మాలో వద్దో నేను చెప్పలేదు. చెప్పడం వల్లే ఇంత దూరం వచ్చింది. ఆ నీలం తలుపు ముందు ఆమె ఎడమచేత్తో కెమెరా పట్టుకుని, కుడిచేతి మొద్దు వేలితోనే బటన్ నొక్కింది. నాలుగైదు తీసింది. తర్వాత ఫోన్ తీసి, "రేపు రావద్దండి, అమ్మడం లేదు. ఏమీ అనుకోవద్దు" అని ఆ కొనేవాళ్లకు ఉర్దూలో చెప్పింది. మగ్రిబ్ అజాన్ వినబడేసరికి మేమింకా సందుల్లోనే ఉన్నాం. అన్వర్ దగ్గరికి తిరిగి వెళ్లలేదు.

బ్యాగు మందు కాదు. నెల రోజులు ట్రైపాడు ఇంట్లోనే పెట్టమని, రోజూ గంటకు మించి మోయవద్దని ఫిజియోథెరపీ ఆమె చెప్పింది. షాహీన్ వింటోంది. మొన్న మెసేజు వచ్చింది. వాయిస్ కాదు, రాసినది. మూడు మాటల్లో రెండు తప్పులు. నేను దిద్దలేదు. చిన్నవాళ్లు మన మాటల్ని ఏ చోట, ఎన్నేళ్లు మోస్తున్నారో మనకు తెలియదు. అల్లా నా నాలుకను క్షమించుగాక.

బ్యాగు కొనబోయేవాళ్లకు ఒక్క సలహా. మీ సామానంతా అందులో వేసి, నడుము బెల్టు బిగించి, కొట్టు బయట ఇరవై నిమిషాలు నడిచి చూడండి. ఆ బెల్టు వద్దని ఇంట్లో పెద్దవాళ్లెవరైనా అంటే, ఎదురు చెప్పకండి. బ్యాగు వాళ్ల భుజానికి తగిలించి, రెండు వందల అడుగులు నడవమనండి.