బార్ట్ కొట్టిన ఆఖరి లాడం

ఆ శీతాకాలం క్లేర్ జిల్లాను వాన వదలకుండా పట్టుకుంది. డోనాల్ క్విల్టీ శవబండి తోలేవాడు. బండీ గుర్రమూ ఊళ్లో శవయాత్రలు జరిపించే మిసెస్ టూహీవి. మోర్నా అనే ఆ నల్ల ఆడగుర్రం బాగోగులు మాత్రం డోనాల్‌వే. దాని గిట్టలు అద్దంలా మెరవాలని ఆయన పిచ్చి. ఊళ్లో ఎవరు పోయినా గిట్టలకి నల్ల పాలిష్ దట్టంగా పూసిగానీ కదిలేవాడు కాదు.

లాడాలు కొట్టే బార్ట్ కెలిహర్‌కి ఆ పాలిష్ చూస్తే ఒళ్లు మండేది.

"నానిన గిట్టకి మూత పెడతావేంట్రా? లోపలి తడి ఎటు పోతుంది? గిట్ట మెత్తబడితే మేకులు నిలవవు. ఆరబెట్టి తారు రాయి" అని ఒక తారు డబ్బా తెచ్చిచ్చాడు. తారు కంపు, పైగా మెరవదు. డోనాల్ ఆ డబ్బాని అటక మీదకి నెట్టేశాడు.

ఇప్పుడు బార్టే పోయాడు. ఆయన్ని తీసుకెళ్లాల్సిన ఉదయం డోనాల్ మోర్నా ముందరి కాలొకటి ఎత్తి చూశాడు. లాడం కదులుతోంది. బార్ట్ చేత్తో కొట్టిన ఆఖరి లాడం అది. పక్క ఊరి లాడాలవాడు సాయంత్రం దాకా రాలేనన్నాడు. దారిలో లాడం పక్కకి జరిగి మేకు అరికాల్లో దిగితే గుర్రం కుంటిదవుతుంది.

డోనాల్ పాలిష్ అంతా గీకేశాడు. రంపపు పొట్టుతో గిట్టలు ఒత్తి ఆరబెట్టి, అటక మీది డబ్బా మూత మొదటిసారి తీసి తారు రాశాడు. అప్పుడే మిసెస్ టూహీ వచ్చింది.

"ఇదేం అవతారం డోనాల్? పేడ తొక్కొచ్చిందా?"

"లాడం వదులైందమ్మా. పాలిష్‌తో గిట్ట నానిపోయింది. ఇవాళ్టికి వద్దు."

"ఇన్నేళ్లూ పూసింది నేనా, నువ్వా? ఊరంతా వస్తోంది. పూస్తే పూయి, లేదంటే మోటారు బండి పంపించి గుర్రాన్ని అమ్మేస్తాను."

మోర్నాని అమ్మేస్తానన్న మాట దగ్గర డోనాల్ మెత్తబడిపోయాడు. తారు మీదే పాలిష్ పూశాడు. పూస్తున్నంతసేపూ తనని తాను తిట్టుకున్నాడు.

చదును దారిలో ఫరవాలేదు. శవపేటిక మీద బార్ట్ సుత్తి పెట్టారు. వెనక ఆయన భార్య కిట్, ఆ వెనక జనం. డోనాల్ చెవులు మాత్రం ఆ ఒక్క కాలి మీదే ఉన్నాయి. చర్చి మెట్ట మొదట్లో చప్పుడు మారింది. అడుగు పడ్డాక ఇంకోసారి చిన్నగా టక్‌మంటోంది.

"ఆపకు" అంది పక్కన నడుస్తున్న మిసెస్ టూహీ, పెదవి కదపకుండా.

మెట్ట నిటారుగా ఉంది. రాళ్లు తడిగా ఉన్నాయి. మోర్నా చెవులు వెనక్కి పెట్టి మెడ వంచింది. డోనాల్ పగ్గాలు బిగబట్టి దిగిపోయాడు. జనం ఆగిపోయారు.

"ఏమైందిరా?" అంది కిట్.

డోనాల్ ఆ కాలు చూపించాడు. "లాడం ఊడుతోందక్కా. తప్పు నాదే. ఆయన వద్దన్న పాలిష్ పూసీ పూసీ గిట్టని పాడుచేశాను."

కిట్ పేటిక మీది సుత్తి తీసి ఆయన చేతిలో పెట్టింది. నల్ల గౌను బురదలో పడుతున్నా చూసుకోకుండా వంగి, మోర్నా కాలిని తన మోకాళ్ల మధ్య ఇరికించుకుంది. బతుకంతా మొగుడి కోసం గుర్రాల కాళ్లు పట్టిన మనిషి ఆమె.

"పీకెయ్."

సుత్తి వెనక కొక్కేనికి మేకులు తడి రొట్టెలోంచి వచ్చినట్టు వచ్చేశాయి. అరికాలు బాగానే ఉంది.

"గుర్రాన్ని విప్పెయ్. ఆయన్ని భుజాల మీద తీసుకెళ్దాం" అంది కిట్. మిసెస్ టూహీ జనం ముఖాలు చూసి పక్కకి తప్పుకుంది.

మగవాళ్లు ముందుకొచ్చారు. డోనాల్ పేటిక ముందు మూల కింద భుజం పెట్టాడు. కిట్ ఆ లాడాన్ని గౌనుకి తుడిచి, పేటిక మీద సుత్తి పక్కన పెట్టింది.

"తీసుకెళ్లు ముసలాడా, నీ మాటే నెగ్గింది" అంది.

పేటిక కింద డోనాల్ భోరుమన్నాడు.