మధులత టీచర్ బొమ్మల పుస్తకం

ఆ వారమంతా మధులత టీచర్‌కు కాలు ఒకచోట నిలవలేదు. అన్నం ముందు కూర్చుంటే పుస్తకం గుర్తొస్తుంది, పుస్తకం తెరిస్తే ఇడిమె గుర్తొస్తుంది. ఇడిమె బడికి రాక నాలుగు రోజులైంది.

మధులత ఇల్లెందు బొగ్గుబాయి కార్మికుడి కూతురు. పది ఊళ్ళ వాళ్ళుండే క్వార్టర్లలో పెరిగింది. అలాంటి మనిషికి భద్రాచలం దాటాక అడవి అంచు బడిలో పోస్టింగు వచ్చింది. నాలుగో తరగతి ఒకటే గది, కానీ పిల్లలు రెండు ఊళ్ళుగా కూర్చునేవారు. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి మిరప వేసుకున్న రైతుల పిల్లలంతా ఫ్యాను కింద. వాగు అవతలి గుత్తికోయ ఆదివాసీల గూడెం నుంచి వచ్చే ఇడిమె ఒక్కతే తలుపు పక్కన. మధ్యాహ్న భోజనంలో ఆమె పక్కన పళ్ళెం పెట్టుకునే వాళ్ళే లేరు.

నీతులు చెబితే పిల్లలు వింటారా? ఆవలిస్తారు. అందుకే మధులత రెండు ఆదివారాలు కూర్చుని సొంతంగా బొమ్మల పుస్తకం చేసింది. మల్లి అనే ఊరి అమ్మాయి వాగు దగ్గర ఒక అడవిపిల్లను చూసి ముందు జడుసుకుంటుంది, తర్వాత ఇద్దరూ కలిసి తూనీగలు పడతారు. పన్నెండు పేజీలు. అట్ట మీద పెద్దక్షరాలతో 'అడవిపిల్ల'. తన బొమ్మలు తనకే ముద్దొచ్చాయి పాపం.

సోమవారం చదివి వినిపిస్తే పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఇంటర్వెల్ అయ్యాక చూస్తే అట్ట మీద 'ల్ల'కు ఎవరో గుడి పెట్టారు. అడవిపిల్ల కాస్తా అడవిపిల్లి అయి కూర్చుంది. ఫ్యాను కింది నుంచి ఎవరో "మ్యావ్" అన్నారు. గదంతా అందుకుంది. ఇడిమె సంచి తీసుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయింది.

"గుడి పెట్టింది ఎవరు?"

"నేనే టీచర్. ఊరికే, నవ్వులాటకి పెట్టానండీ" అంది ఫ్యాను కింద కూర్చునే సాహిత్య, బెదరకుండా.

మధులత ఆ పిల్లను గట్టిగా కేకలేసింది. ఆ కోపం వల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

శుక్రవారం బడి వంటమనిషి గిన్నెలు కడుగుతూ చెప్పింది. "ఇడిమెను వాళ్ళమ్మ మిరప కోతకు తీస్కపోతుందంట టీచర్. ఎర్రుపాలెం దిక్కు. రేపు పొద్దుగాల ట్రాక్టర్ వస్తది."

కోతకు వెళితే రెండు నెలలు. తర్వాత ఆ పిల్ల బడి గడప తొక్కడం కల్ల.

తెల్లవారగానే పుస్తకం సంచిలో వేసుకుని, స్కూటీ మీద వాగు దాటింది. గూడెం ముందు ట్రాక్టర్ నిలిచి ఉంది. ట్రాలీలో మూటల మధ్య ఇడిమె, పక్కన తల్లి. గూడెంలోనే ఉండిపోతున్న అవ్వ కింద నిలబడి ఉంది.

"ఇడిమే, దిగు బిడ్డా. నిన్ను చూసి నవ్వినోళ్ళకు నేను చెప్పిన. ఇంకెవరు గట్ల అనరు."

ఇడిమె ముఖం తిప్పేసుకుంది. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఏం చేయాలో తోచక మధులత పుస్తకం తీసి ఇచ్చింది. "నువ్వే దిద్దు. నీకు నచ్చనిదంత కొట్టెయ్యి" అంటూ పెన్సిల్ కూడా ఇచ్చింది.

అట్ట మీది గుడి కొట్టేస్తుందనుకుంది. ఇడిమె దాని జోలికే పోలేదు. మొదటి పేజీ తిప్పి, 'మల్లి' అన్న మాట కొట్టేసి, పైన మెల్లగా రాసింది: ఊరిపిల్ల. రెండో పేజీలోనూ అంతే.

"అదేంది ఇడిమే! ఆ పిల్లకు పేరుంది గదా!" మధులత నోట్లోంచి మాట జారిపోయింది.

ఇడిమె తలెత్తింది. "నాకు గూడ ఉంది టీచర్."

మధులతకు ముఖం మీద చన్నీళ్ళు కొట్టినట్టయింది. సాహిత్య పెట్టింది ఒక్క గుడి. మిగతాదంతా తను రాసిందే, అదీ ప్రేమగా, రంగులు వేసి మరీ.

ట్రాక్టర్ స్టార్టయింది. "జల్దీ కానీయుండ్రి మేడమ్, ఎండొస్తుంది" అన్నాడు డ్రైవర్. మధులత పుస్తకం తీసుకుని ట్రాలీ అంచున ఆనించుకుంది. మొదటి పేజీలో అడవిపిల్ల కొట్టేసి 'ఇడిమె' అని రాసింది. రెండో పేజీ. మూడు. ఇడిమె వంగి చూస్తోంది. తల్లి వాళ్ళ భాషలో ఏదో అంటే, ఇడిమె ఆగమన్నట్టు చెయ్యి చూపింది.

పన్నెండో పేజీ కూడా అయ్యాక, ఇడిమె మూటల మధ్య నుంచి తన బడి సంచి లాక్కుంది. తల్లి పక్కకు జరిగి దారిస్తే, కాలు కిందికి పెట్టింది.