అవ్వ ముట్టని రొట్టె

మా అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. ఎనభైలలో, బోధన్ దగ్గర మా ఊరి చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం పాస్టరు అయ్యగారు సంస్కారం, అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేవారు. ఆడవాళ్లంతా కొంగు సవరించుకుని ముందుకు వెళ్లి మోకరిస్తే, అవ్వ ఒక్కతే చాప మీద తల వంచుకుని కూర్చునేది. ఏం పాపం చేసిందోనని వెనక గుసగుసలు. నాకు ఒళ్లు మండేది.

తప్పు అవ్వది కాదు. మా తాత బతికినన్నాళ్లూ డప్పు కొట్టాడు. ఆయన చనిపోయిన రోజు చిన్నాయన ఎండిన చెరుకాకుతో మంట వేసి, శవం ముందు కొట్టడానికి తాత డప్పునే కాచుతున్నాడు. కొత్తగా సంఘ పెద్ద అయిన మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, తమ్ముడి చేతిలోంచి దాన్ని లాక్కుని వాకిట్లోకి విసిరేశాడు.

"క్రైస్తవుల సావుకు డప్పేంది? అయ్యగారు ఏమనుకుంటరు?"

చిన్నాయన డప్పు తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ చర్చికి రాలేదు, మా గడప తొక్కలేదు. బాపు భక్తిని మాత్రం సంఘమంతా మెచ్చుకుంది. ప్రార్థనకు నిలబడితే ఆయన దేశదేశాల శాంతి సమాధానాల కోసం వేడుకునేవాడు. ఆ ప్రార్థన లోకమంతా తిరిగేది గానీ, వెనక వాడలో ఉన్న తమ్ముడి ఇంటి దాకా వెళ్లేది కాదు.

అవ్వది ఒకటే మాట. "నీ తమ్మునితోని మాట్లాడి రా. ఇంట్ల పగ వెట్టుకొని నేనైతే ఆ రొట్టె ముట్ట."

ఆమె మంచం పట్టినప్పుడు అయ్యగారు సంస్కారం ఇంటికే తెచ్చారు. అది చెరుకు నరికే కాలం. చిన్నాయన రెంజల్ వైపు కోతకు పోయి ఉన్నాడు.

"మా మరిదిని పిలువుండ్రి. ఆయన వచ్చినంక తీస్కుంట" అంది అవ్వ.

బాపు నేల చూపులు చూశాడు. "కోత అయిపోనియ్. నేనే పోయి తోల్కొస్త" అన్నాడు.

అవ్వ ఆ రొట్టెను కాసేపు చూసి గోడ వైపు తిరిగింది. కోత ముగియకముందే పోయింది. ఆ రొట్టె కోసం ఆమె ఎంత ఆశపడిందో నాకు తెలుసు.

మట్టి చేసే రోజున చిన్నాయన సమాధుల తోట గేటు బయట నిలబడ్డాడు. భుజాన తాత డప్పు ఉంది. పాట నడుస్తుండగానే బాపు అందరినీ వదిలి ఆయన దగ్గరికి వెళ్లాడు. అయ్యగారు చూస్తున్నారన్న సంగతే ఆయనకు పట్టలేదు.

"కొట్టు తమ్మి. మీ వదినె కోసం కొట్టు."

"వదినె డప్పు అడగలేదట గదన్నా. నన్ను రమ్మన్నదట. గంతే గద."

బాపు ఆయన భుజం మీద తల పెట్టేశాడు. డప్పు మోగలేదు.

తర్వాతి మొదటి ఆదివారం అన్నదమ్ములిద్దరూ ఒకే చాప మీద కూర్చున్నారు. అవ్వ ఇన్నేళ్లూ అడిగింది ఇంతే. సంస్కారానికి పిలిచినప్పుడు చిన్నాయన లేచాడు, బాపు లేవలేదు. అయ్యగారే రొట్టె పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చారు.

"నా ఇంటిదానికి అందనిది నాకెట్ల మింగుడు పడ్తదయ్యా" అని బాపు సంఘమంతా చూస్తుండగా ఏడ్చాడు.